పచ్చి కంకి మీద కొడవలి

మంచు ఇంకా ఆరలేదు. కాలువ పక్క మడిలో కుందేలు తోక గడ్డి తలలు వాల్చి నిలబడి ఉంది. ఒక కంకిని అరచేతిలోకి తీసుకుంటే తడిసిన కోడిపిల్లను పట్టుకున్నట్టుంది, పైన చల్లగా, లోపల మెత్తగా. ముక్కుకు దగ్గర పెట్టుకున్నాను. గింజ ఇంకా పాలు పోసుకోని పచ్చి వాసన. ఈ వాసన తగిలిందంటే చాలు, నా చెవుల్లో మెహర్ ఖాలా గొంతు మోగుతుంది. ఖాలా అంటే వాళ్ల మాటలో పిన్ని. ఆమె మొన్నటి వానాకాలంలో పోయింది. ఇది ఆమె లేని మొదటి కోత. కొడవలి నా పక్కనే గట్టు మీద ఉంది. తడి కంకిని కోస్తే బూజు పడుతుంది కాబట్టి మంచు ఆరేదాకా ముట్టకూడదు. అందుకని కూర్చున్నాను. నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. కూర్చుంటే మనసు ఎటో ఒకవైపు పోతుంది. ఇవాళ ఖాలా వైపు పోయింది.

ముందు మా పని సంగతి చెప్పాలి. మా ఊరు బోధన్ నుంచి రెంజల్ పోయే దారిలో ఉంటుంది. చుట్టూ పసుపు, వరి, ఒకప్పుడు చెరుకు. మేం మాత్రం ఇరవై గుంటల్లో గడ్డి పెంచుతాం. పశువులకు కాదు. కంకుల్ని కాడలతో సహా కోసి, ఆరబెట్టి, గుత్తులుగా కట్టి అమ్ముతాం. నిజామాబాద్ నుంచీ హైదరాబాద్ నుంచీ వచ్చి పెళ్లి మంటపాలకని, ఇళ్లల్లో కూజాలో పెట్టుకోవడానికని కొనుక్కుపోతారు. వాటికి నీళ్లు పోయనక్కర్లేదు, ఏడాది దాకా చెక్కుచెదరవు. మా ఊళ్లో ఈ పని ఇప్పటికీ చాలామందికి మింగుడు పడలేదు. "గడ్డి పీకుతందుకే కూలోళ్లు దొర్కుత లేరు, నువ్వు గడ్డి విత్తుతవా?" అని మొదటి ఏడు నన్ను ఏడిపించని మనిషి లేడు. నేనూ ఊరుకునే రకం కాదు గనక ఒక్కొక్కరికి ఒక్కో జవాబు ఇచ్చాను. ఆ జవాబులు ఇక్కడ రాయదగినవి కావు.

ఖాలాను మొదటిసారి చూసింది మా చెరుకు తోటలో. అప్పటికి నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఆ ఏడు నరకడం ఆలస్యమై తోటంతా పూత పెట్టింది. చెరుకు పూసిందంటే తీపి తగ్గినట్టే, రైతుకు అంతకంటే చెడ్డ కబురు లేదు. మా అత్త నర్సవ్వ గట్టు మీద కూర్చుని, ఎవర్ని తిట్టాలో తెలియక అందర్నీ కలిపి తిడుతోంది. అంతలో ఆటో దిగి ఒక పొడవాటి మనిషి వచ్చింది. నల్ల బురఖా, వెనక్కి వేసుకున్న ముసుగు, దారం కట్టి మెడలో వేసుకున్న కళ్లద్దాలు. తోట వంక చూసి "సుభానల్లా!" అంది.

"అక్కా, గీ పూలు నాకియ్యరాదు?"

అత్త తెల్లబోయింది. "మా చెర్కు పూతవెట్టి మేం మొత్తుకుంటుంటె నీకు పూలు గావాల్నా?"

"రసమైతె పోనే పోయింది. పూలు గూడ పోవాల్నా ఏంది?" అంది ఆమె నవ్వకుండా.

అత్త కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. ఎగాదిగా చూసి "కోస్కపో" అని మొహం తిప్పుకుంది. వెండి రంగులో మెరిసే ఆ పూలను ఆమె ఎంచి ఎంచి కోస్తుంటే, నేను మోస్తూ వెనకాలే తిరిగాను. ఇవెందుకని అడిగితే తన సంగతి చెప్పింది. వాళ్లది బోధన్‌లో తరతరాలుగా సెహ్రాలు కట్టే ఇల్లు. పెళ్లికొడుకు మొహం ముందు జాలరులా వేలాడే పూల తెర, అదే సెహ్రా. మల్లె, గులాబీ, జరీ దారం కలిపి కడతారు. "పొద్దంత కండ్లు గుంజంగ కడ్త బేటీ. రాత్రి నిఖా అయితది. తెల్లారి జూస్తె మురికి నాలీల ఉంటది. జిందగంత నువ్వు చేసిన పని ఒక్కటన్న సూపెట్టు అంటె నేనేం సూపెట్టాలె?" అంది. ఆ గొంతులో దిగులు లేదు, కోపం ఉంది. ఆ కోపమే నాకు నచ్చింది.

అందుకే ఆమె వాడిపోని వాటి వెంట పడింది. చెరుకు పూత, మేం బతుకమ్మకు కోసుకునే గునుగు, సజ్జ కంకి, గట్ల మీది గడ్డి, ఏది దొరికితే అది తెచ్చి బొకేలు కట్టి తన దుకాణంలో పెట్టింది. జనం కొన్నారు, ఇంకా కావాలన్నారు. కానీ గట్ల మీద దొరికేది ఒకనాడు ఉంటుంది, ఒకనాడు ఉండదు. పైగా ఇప్పుడు ఏ గట్టు చూసినా గడ్డి మందు కొట్టి ఎర్రగా మాడి ఉంటోంది. విత్తి పెంచే మనిషి కావాలి. "నువ్వు పెంచుతవా?" అని నన్ను అడిగింది. ఆలోచించకుండా "పెంచుత" అన్నాను. ఆలోచించి ఉంటే అనేదాన్ని కాదు.

మామ పోయినప్పటి నుంచి భూమి, దాని మీద మాట రెండూ అత్తవే. నా భర్త నిజామాబాద్‌లో పసుపు మార్కెట్‌లో పనిచేస్తాడు, తల్లి మాటకు అడ్డు చెప్పే అలవాటు ఆయనకు లేదు. నేనే వెళ్లి అడిగాను. అత్త వక్కలు కొరుకుతూ విని, చివరికి ఇలా తేల్చింది. "కాల్వ పక్క ఇర్వై గుంటలు దీస్కో. మిర్గం దాక జూస్త. నీ గడ్డి నిలవడకపోతె మిర్గంల ఆడ పసుపు వెడ్త. మల్ల ఆ ముచ్చట నా ముందల ఎత్తద్దు." మిర్గం అంటే తొలకరి, మాకు పసుపు పెట్టే రోజులు. అప్పటిదాకా ఆ ఇంట్లో నేను చెయ్యని పని లేదు, కానీ నాదని చెప్పుకునే పని ఒక్కటీ లేదు. ఆ మడి పోతే నాకు అటువంటిది ఇంకోటి దొరకదని నాకు బాగా తెలుసు.

దసరా దాటాక సగం మడిలో కొర్ర, సగంలో ఖాలా ఎక్కడినుంచో తెప్పించిన కుందేలు తోక విత్తాను. రెండూ ముచ్చటగా వచ్చాయి. కంకులు బయటికి రాగానే ఖాలా ఫోన్‌లో చెప్పింది. "ఆగకు బేటీ. పచ్చిగున్నప్పుడే కొయ్యి." సరే ఖాలా అన్నాను. కొడవలి పట్టుకుని పోయాను. చెయ్యి ఆడలేదు. పాలు పట్టని కంకిని కొయ్యడమంటే మా ఇళ్లల్లో మాటలు కాదు. చిన్నప్పుడు ఆటలో ఒక పచ్చి కంకి తుంచితే మా అవ్వ చేతి మీద కొట్టి, "నోటికాడి బువ్వ" అనేది. కొర్రబువ్వ తిని పెరిగిన మనిషి ఆమె. నేను రోజూ పోయి, ఇంకొన్నాళ్లు ఆగితే గింజ నిండుతుంది కదా అనుకుని ఒట్టి చేతుల్తో తిరిగి వచ్చేదాన్ని. అత్త కూడా గట్టు మీంచి చూసి "ఇంగ పండలే" అనేది. అత్తాకోడళ్లం మొదటిసారి ఒక్క మాట మీద ఉన్నాం. అదే మా కొంప ముంచింది. బంగారంలా పండాక కోశాం. పసుపు ఆరబోసినట్టే కల్లంలో ఎర్రటి ఎండలో పరిచాం.

ఖాలా వచ్చి చూసింది. ఒక కొర్ర కంకిని మెడ దగ్గర పట్టుకుని తన మణికట్టు మీద టపటపా కొట్టింది. గింజలు చెల్లాచెదురయ్యాయి. కుందేలు తోకను కొడితే దూదిలా లేచి ఆమె నల్ల బురఖా అంతా తెల్లగా అయింది.

"ఏందిది?"

"పంట" అన్నాను.

"గింజలు గావాల్నంటె కిరాణంల దెచ్చుకుంట. నాకు కంకి గావాలె, ఇంట్ల నిలవడె కంకి. పెండ్లింటికి పంపితె గిది దుల్హన్ నెత్తి మీద రాల్తది!" ఒక్క పోచ కూడా తీసుకోకుండా ఆటో ఎక్కి పోయింది. నేను ఆ రోజు అన్నం తినలేదు. ఆమె మీద కోపం, నా మీద కోపం, ఊళ్లోవాళ్ల నవ్వుల మీద కోపం. సాయంత్రం అత్త పసుపు విత్తనం గురించి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను.

మర్నాడు పొద్దున్నే ఖాలా మళ్లీ వచ్చింది. నొచ్చుకున్నావా అని అడగడానికి వచ్చిందనుకున్నాను. ఆమె జన్మలో అటువంటి ప్రశ్న ఎవర్నీ అడగలేదని తర్వాత తెలిసింది. చేతిలో జల్లెడ ఉంది. "ఏం కూసున్నవ్? రాలింది ఊడ్వు. గదే విత్తనం" అంది. కుందేలు తోకకు చలి కావాలి, దాన్ని వచ్చే ఏటికి దాచమంది. కొర్ర మాత్రం ఎండాకాలంలోనూ వస్తుంది, బోరు నీళ్లున్నాయి, మిర్గం ఇంకా దూరం ఉంది. "టైం ఉన్నప్పుడు ఏడ్సుడెందుకు? టైం అయిపోయినంక ఏడ్వచ్చు" అంటూ బురఖా అంచు నడుముకు చెక్కుకుని కల్లంలో గొంతు కూర్చుంది. ఇద్దరం కలిసి రాలిన కొర్రను ఊడ్చి, జల్లించి, ఆ వారంలోనే మళ్లీ విత్తాం. ఆమెకు వ్యవసాయం రాదు. సాళ్లు వంకరగా పోసింది. నేను సరిచేస్తుంటే "సెహ్రాల గిట్ల వంకర ఉంటెనే అందం" అని దబాయించింది.

ఎండలు ముదిరేసరికి మళ్లీ కంకులు బయటికి వచ్చాయి. ఈసారి ఖాలా నన్ను నమ్మలేదు, కోతనాడు స్వయంగా దిగింది. ముందు ఇంట్లో చాయ్ తాగుతూ కూర్చున్నాం. అత్త ఒక మూలన కూర్చుని మొహం ముడుచుకుని ఉంది. పచ్చి కంకి కోస్తే ఇంటికి మంచిది కాదని పొద్దున్నుంచి గొణుగుతూనే ఉంది. చూరు కింద ఆమె కట్టిన వరి కుచ్చు వేలాడుతోంది. కోతలప్పుడు మంచి వెన్నులు ఏరి, జడలా అల్లి, పిచ్చుకల కోసం చూరుకు కడతాం కదా, అది. అత్త అల్లికకు మా ఊళ్లో పేరుంది. ఖాలా చాయ్ పక్కన పెట్టి లేచింది. కళ్లద్దాలు పెట్టుకుని ఆ కుచ్చును వేళ్లతో తడుముతూ చూసింది.

"గిది ఎవలు అల్లిండ్రు?"

"నేనే" అంది అత్త.

"అక్కా, ఇన్నేండ్ల సంది జరీతోని అల్లుతున్న గని, నాకు గింత నున్నగ రాలే." ఖాలా ఎవరినీ ఊరికే మెచ్చుకోదు. అత్త మొహం విప్పారింది. "మరి ఎన్నులు ఎప్పుడు కోస్తవు? బాగ పండినంకనా?"

"పండినంక కోస్తె అల్లుతుంటెనే రాలిపోవా? ఇంత పసరు ఉండంగనే కొయ్యాలె. గప్పుడైతెనే చెప్పినట్టు ఇంటది" అంది అత్త ఆ ఊపులో.

ఖాలా నా వైపు చూసింది. నేను అత్త వైపు చూశాను. అత్త తన నోటి మాట తనకే వినపడినట్టు ఆగి, "గది పిట్టలకు. దేవుని పని. అండ్ల పాపం లేదు" అంది.

"అయితె ఒక సాలు పిట్టలకు ఇడుద్దం" అంది ఖాలా వెంటనే. "అది ముట్టం. పండనియ్యి. పిట్టలు దిన్నంక మిగిలింది విత్తనానికి. ఆ సాలు నీది అక్కా. మిగిల్నయి మావి."

అత్త కొంగు దులుపుకుని మా వెంట మడి దాకా వచ్చింది. నేను సాలులోకి దిగి కంకుల్ని పిడికిట్లోకి తీసుకున్నాను. కొడవలి ఆనించాను. చెయ్యి మళ్లీ ఆగింది. అప్పుడు గట్టు మీంచి ఒక్క కేక, కాలువ అవతల దున్నుతున్నవాళ్లు కూడా తలెత్తి చూసేలా: "కాటో బేటీ, కాటో!" కొయ్యమని. ఆవేశం వస్తే ఖాలాకు తెలుగు నిలవదు. ఆ అరుపుకు నేను ఉలిక్కిపడి కోసేశాను. మొదటి పిడికెడు కోశాక మిగతాది దానంతట అదే సాగింది. పంట చేతికి వచ్చేదాకా ఓపిక పట్టడం మా అవ్వ నేర్పింది. ఓపిక పట్టకూడని వేళ కూడా ఒకటుంటుందని ఆ రోజు నేర్చుకున్నాను.

కోసినదాన్ని కల్లంలో పరవబోతే మళ్లీ ఒక కేక. ఎండలో రంగు పోతుంది, నీడ కావాలి, గాలి కావాలి, తలకిందులుగా వేలాడదీయాలి. వాడకం మానేసిన మా బెల్లం వండే కొట్టం గుర్తుకొచ్చింది. పొయ్యి పూడిపోయినా వాసాలు గట్టివి. తాళ్లు కట్టి కట్టలు కట్టలుగా వేలాడదీశాం. పాత బెల్లం వాసన, కొత్త గడ్డి వాసన కలిసి అదొక తీపి పరిమళం. తొలకరికి కొంచెం ముందు, పసుపు విత్తనం తెచ్చిన మనిషి వాకిట్లో నిలబడి ఉండగా, అత్త ఒక్కతే కొట్టంలోకి వెళ్లింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. ఒక కంకిని తెంపి, అచ్చం ఖాలా లాగే మణికట్టు మీద కొట్టింది. ఇంకోసారి కొట్టింది. ఒక్క గింజ రాలలేదు. బయటికి వచ్చి ఆ మనిషితో, "కాల్వ పక్క మడికి వద్దు. మిగిల్నదానికే దించు" అంది. నేను కొట్టంలోకి పోయి ఆ కట్టల మధ్య నిలబడి తనివితీరా ఏడ్చాను.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఖాలా దుకాణానికి నేనూ, మా మడికి ఖాలా తిరుగుతూనే ఉన్నాం. కట్టడం కూడా ఆమే నేర్పింది, నేర్పిన తీరు మాత్రం చెప్పుకోవాలి. నేను మొదట కట్టిన గుత్తిని అటూ ఇటూ తిప్పి చూసి, "గిది బొకేనా, చీపిరా?" అని, దాంతోనే దుకాణం ముందు నుంచి రోడ్డు దాకా ఊడ్చింది. బాగానే ఊడ్చింది, అది వేరే సంగతి. "కాడలన్ని నిల్వుగ నిలవెడ్తె చీపిరైతది. ఒకదాని మీద ఒకటి ఏటవాలుగ పండవెట్టు. కట్టు గట్టిగుండాలె గని మెడ పిస్కద్దు." ఒకసారి పెళ్లి పని మీద వచ్చినవాళ్లు తొందర పెడితే, ఇంకా పూర్తిగా ఆరని కట్టలు ఇచ్చేద్దామని నేనన్నాను. ఆమె వాళ్లను చాయ్ తాగించి మరీ తిప్పి పంపింది. వాళ్లు మళ్లీ వస్తారో లేదో అని నేను భయపడితే, "రాకుంటె రాకపోనీ. బూజు వట్టిన బొకేతోని నా పేరు పోతె, అది అసలే రాదు" అంది.

ప్రతి కోతనాడూ గట్టు మీద ఆమె ఉండాల్సిందే. నాకు చెయ్యి తిరిగాక కూడా, మొదటి పచ్చి కంకి దగ్గర నా పిడికిలి ఒక్క క్షణం ఆగేది. ఆగగానే కేక పడేది. పోయిన ఏడు ఆటో దిగలేకపోయింది. మోకాళ్ల నొప్పులంది. ఆటోలోంచే తల బయటికి పెట్టి అరిచింది. అరిచాక చాలాసేపు దగ్గింది. ఊపిరితిత్తులు పాడైన సంగతి నాకు గానీ అత్తకు గానీ చెప్పలేదు. ఆ విషయంలో ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే. కబురు తెలిసి మేం వెళ్లేసరికి, గల్లీలోని సెహ్రా పనివాళ్లంతా కలిసి అల్లిన తాజా పూల చాదర్ ఆమె మీద దుప్పటిలా కప్పి ఉంచారు. తెల్లారేసరికి వాడిపోయే పూలు. లేచి కూర్చుంటే ఎంత తిట్టేదో అనుకున్నాను. ఆడవాళ్ల మధ్య కూర్చుని, నవ్వో ఏడుపో తెలియకుండా కొంగు నోట్లో కుక్కుకున్నాను.

దసరా తర్వాత విత్తే వేళకు ఇంట్లో మాట మొదలైంది. పసుపు ధర బాగుంది, ఖాలా కూడా లేదు, ఇంక ఆ గడ్డి ఎవరికని నా భర్త అడిగాడు. ఆమె నేర్పిన చేతులు ఉన్నాయి, దుకాణంలో ఆమె కూతురు ఉంది, అడిగేవాళ్లు ఉన్నారు, నేను విత్తుతానన్నాను. ఆయన తల్లి వైపు చూశాడు. భూమి ఇప్పటికీ ఆమెదే. అత్త "ఈసారికి విత్తనియ్యి. ముందట ఆ గడ్డి ఉంచుడా, తీసుడా కోతనాడు జెప్త" అంది. అంతే. చలికాలమంతా ఆ మడి గురించి పెదవి విప్పలేదు. కలుపు తీశాను, నీళ్లు కట్టాను, అత్త సాలు వేరుగా గుర్తు పెట్టాను, కంకులు వచ్చాయి.

మంచు ఆరింది. కంకులు తేలికపడి గాలికి ఊగుతున్నాయి. అత్త కర్ర ఊతంతో మెల్లగా వచ్చి గట్టు మీద, ఖాలా నిలబడే చోటికి కాస్త పక్కగా నిలబడింది. నేను సాలులోకి దిగాను. పిడికిట్లోకి కంకుల్ని తీసుకుని కొడవలి ఆనించాను. ఎప్పటిలాగే చెయ్యి ఆగింది. ఈసారి కేక పడదని తెలిసి ఇంకా ఎక్కువసేపు ఆగింది. గట్టు మీద ఉన్న ఆ చోటు వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు.

"కాటో!"

తిరిగి చూశాను. అత్త. ఉర్దూ అర్థమైనా ఏనాడూ నోట పలకని మా అత్త, కర్ర పైకెత్తి, ఉన్న ఊపిరంతా పోసి అరుస్తోంది.

"ఏం జూస్తవ్ నా మొకం? మెహరమ్మ ఉంటె గిప్పటికి ఆటో దిగి నిన్ను కొడ్తుండె. రేపు మల్ల విత్తాలె, మల్ల కొయ్యాలె, గింత పనున్నది. కాటో!"

నాకు కళ్లు మసకబారి కంకులు కనపడలేదు. అయినా చెయ్యి ఆగలేదు. కోసుకుంటూ ముందుకు పోయాను.